సెలవు చీటీలో ‘సొంత పని’ అని ఎందుకు రాయాలి?

సంపాదకులకు నమస్కారం.

నేను అనంతపురంలోని ఒక ప్రైవేటు సంస్థలో 22 ఏళ్లుగా లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని సెలవు చీటీలు పెట్టానో గుర్తులేదు గానీ, వాటిలో కారణం రాయవలసిన చోట ఏమి రాశానో మాత్రం బాగా గుర్తుంది. జ్వరం అని రాశాను, అత్తగారికి ఒంట్లో బాగాలేదని రాశాను, ఇవేవీ కానప్పుడు ‘సొంత పని మీద’ అని రాశాను. పోయిన నెల మా చెల్లెళ్లతో కలిసి ఒక రోజు గడపాలని సెలవు అడిగినప్పుడు కూడా అలవాటు కొద్దీ ఆ మాటే రాసి ఇచ్చి, నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాక ఆలోచనలో పడ్డాను. పని ఆపి ఒక రోజు సంతోషంగా ఉండాలని సెలవు కోరుతూ, ఆ సంతోషానికి కూడా పని అనే పేరే పెట్టాను. మా కార్యాలయంలో 14 మందిమి ఉన్నాం. సరదాగా గడపడానికి సెలవు కావాలని రాసిన చీటీని నేను ఇంతవరకు ఒక్కటి కూడా చూడలేదు. జాతరకు పోవాలన్నా, సినిమాకు పోవాలన్నా, ఏమీ చేయకుండా ఇంట్లో పడుకోవాలన్నా మా ఇళ్లలో ఎవరో ఒకరు జబ్బు పడవలసిందే. ఆరోగ్యంగా తిరుగుతున్న అత్తగారికి కాగితం మీద జబ్బు తెప్పించడానికి నాకు మనసొప్పింది గానీ, నా సంతోషాన్ని సంతోషమని రాయడానికి సిగ్గు అడ్డొచ్చింది. ఆ సిగ్గు గురించి మీ పాఠకులతో పంచుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు ఎలా గడిచిందో ముందు చెప్పాలి. మేము ముగ్గురం అక్కచెల్లెళ్లం తెల్లవారుజామున రైలెక్కి, హిందూపురంలో దిగి, అక్కడి నుంచి బస్సులో లేపాక్షి చేరుకున్నాం. ఒకే రాతిలో మలచిన ఆ పెద్ద నందిని చూసి, వీరభద్రస్వామి గుడి నాట్యమండపంలో స్తంభాల మీద రంభ నాట్యమాడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తున్న శిల్పాల మధ్య నడుస్తున్నాం. అంతలో నా ఫోను మోగింది. ఒక శాఖ తాలూకు మూడు నెలల లెక్కలు సాయంత్రానికల్లా కావాలని పైనుంచి అడిగారు. నేను కల్యాణమండపం దగ్గర నీడన ఒక గట్టు మీద కూర్చుని, కార్యాలయంలో ఉన్న ఒక అబ్బాయికి ఫోనులో చెబుతూ, అతను పంపిన కాగితాల ఫొటోలు చూస్తూ రెండు గంటలు గడిపాను. మా చెల్లెళ్లు పైకప్పు చిత్రాలన్నీ చూసి, గుడి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నారు. చిన్నది నా భుజం మీద చెయ్యి వేసి, ‘అక్కా, నువ్వు మాతో వచ్చినావా, ఆఫీసులోనే ఉండావా?’ అని అడిగింది. కోపంగా అడిగి ఉంటే సర్దిచెప్పుకునేదాన్ని. అది నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుగా అడిగింది. నేను పంపిన ఆ లెక్కలను తర్వాతి బుధవారం దాకా ఎవరూ తెరిచి చూడలేదని ఆ వారంలోనే తెలిసింది.

అయినా ఈ తప్పునంతా మా సంస్థ మీద వేసి నేను పక్కకు తప్పుకోలేను. ఫోను మోగకముందే, రైలు పెనుకొండ దాటుతున్నప్పుడే, కిటికీలోంచి కొండ మీది కోటను చూస్తున్న నా లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. సోమవారానికి మిగిలిన పని, ఇంట్లో ఉతకవలసిన దుప్పట్లు, నేను లేనందుకు నా పని తన మీద పడిన పక్క బల్ల ఆమె, ఇవన్నీ నాతో పాటే రైలెక్కాయి. నిజం చెప్పాలంటే ఫోను మోగగానే నాకు కొంత ఊరట కూడా కలిగింది. సెలవు పెట్టినా పనికొస్తున్నానని నాకు నేను చెప్పుకోవడానికి ఒక ఆధారం దొరికింది. ఆ ఊరటే నన్ను ఇప్పుడు ఎక్కువ బాధపెడుతోంది.

ఇది నాలోకి ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే మొదట మా ఊరే కనిపిస్తుంది. మాది నార్పల మండలంలో వానను నమ్ముకుని చెనక్కాయ వేసే పల్లె. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే ఆ కాస్త వాన కూడా విత్తే పదునుకు రాక, ఊడలు దిగేటప్పుడు రాక, తీరా చెట్లు పెరికి కుప్ప వేసినాక కురిసిన ఏళ్లను మా ఇంట్లో అందరం చూశాం. వాన ఎగ్గొట్టిన ఏడు మా నాయన అరుగు మీద కూర్చుని మబ్బు వైపు చూసే రోజులు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. ఆయన ఊరకే కూర్చున్నారు, కానీ దాన్ని విశ్రాంతి అని ఎవరూ అనలేరు. చేతికి పని లేక, పని వెతుక్కోవడానికి దగ్గరలో చోటు లేక, బెంగళూరు బస్సు ఎక్కాలా వద్దా అని తేల్చుకోలేక కూర్చున్న కూర్చోవడం అది. గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మా మండలంలోని బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఏడాదిలో 100 రోజుల పనికి హామీ ఇస్తామన్న మాటను దేశమంతటికీ చెప్పడానికి మా పక్క పల్లెను ఎంచుకోవడంలోనే, పని లేని రోజు అంటే మాకు ఏమిటో తెలుస్తుంది. ఇలాంటి చోట పెరిగిన పిల్లకు ఖాళీగా ఉన్న గంటను చూస్తే ఆకలి గుర్తుకు రావడంలో వింత లేదు. ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అని మా ఇంట్లో రోజుకు ఒక్కసారైనా వినిపించేది. ఆ మాట అన్న పెద్దలను నేను తప్పుపట్టను. కరువు చూసినవాళ్ల భయం అది, దానికి కారణం ఉంది.

కానీ అదే ఇంట్లో, అదే నాయన, సోమవారం నాడు ఎద్దుల మెడ మీద కాడి పెట్టేవారు కాదు. నేలలో పదును ఆరిపోతుందేమోనన్న దిగులు ముఖంలో కనిపిస్తున్నా పెట్టేవారు కాదు. అది బసవన్న వారం, ఆ రోజు ఎద్దులు మేసి, నీళ్లు తాగి, చింతచెట్టు కింద పడుకుని నెమరు వేయవలసిందే. ఏరువాక పున్నమి వస్తే వాటిని కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టి ఊరేగించేవారు. చేలో చేయవలసింది ఎంత మిగిలి ఉందని ఆ రోజు ఎవరూ అడిగేవారు కాదు. ఎద్దుకు ఒక వారం ఉందని తెలిసిన ఇంట్లో పుట్టి, నాకు ఒక రోజు కావాలని అడగడానికి జ్వరం తెచ్చుకున్నాను.

మా పెద్దమ్మ వాళ్లది ధర్మవరం. ఇంట్లోనే గుంట మగ్గం ఉండేది. చీర ఎన్ని రోజుల్లో దిగితే కూలి అన్ని రోజుల్లో వచ్చేది గనుక, మగ్గం ఆగిన ప్రతి పూటా వాళ్లకు నష్టమే. అయినా అమావాస్య నాడు పెదనాయన మగ్గం గుంటలోకి దిగేవారు కాదు. ఆ రోజు తలంటుకుని, మధ్యాహ్నం కంటినిండా నిద్రపోయి, సాయంత్రం బజారుకు పోయి నలుగురితో కూర్చునేవారు. చీర సగంలో ఉన్నా, షావుకారు రెండుసార్లు కబురు పెట్టినా అమావాస్య అమావాస్యే. నేను ఇన్నాళ్లూ గమనించకుండా పోయిన సంగతి ఇదే. పని పూర్తయ్యాక వాళ్లు విశ్రాంతి తీసుకోలేదు. విశ్రాంతి రోజు వచ్చింది గనుక పనిని ఉన్నచోట ఆపేశారు.

మనం ‘తీరిక’ అనే మాట వాడుతుంటాం. పని తీరడం అన్న భావం అందులోనే ఉంది. పని తీరితే తీరిక అనుకుని కూర్చున్నవాళ్లకు ఈ కాలంలో ఆ తీరిక ఎన్నటికీ రాదు, ఎందుకంటే అంట్లు తోమినా రేపు మళ్లీ పడతాయి, మార్చి నెల లెక్కలు ముగిస్తే ఏప్రిల్ లెక్కలు మొదలవుతాయి, ఫోనులో సందేశాలకు చివరిది అనేది ఉండదు. ‘విరామం’ అనే మాటలో మాత్రం ఆగడం ఉంది. మిగిలి ఉన్నదాన్ని మిగిలినట్టే ఉంచి ఆగడం. వాక్యం మధ్యలో విరామ చిహ్నం పెట్టినప్పుడు వాక్యం చెడిపోదు కదా. నాకు కావలసింది తీరిక కంటే విరామమేనని ఈ మధ్యనే అర్థమైంది.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట గురించి మీ పాఠకులకు తెలిసే ఉంటుంది. తోలుబొమ్మల కళకు పేరుపడిన ఊరు అది. అక్కడి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. నా చిన్నతనంలో తోలుబొమ్మలాట మా ఊరికి వస్తే రాత్రి మొదలై కోడి కూసేదాకా సాగేది. చాపలు, దుప్పట్లు తెచ్చుకుని ఊరంతా తెర ముందు కూర్చునేది. తెల్లవారితే కలుపుకు పోవలసినవాళ్లు, పాలు పిండవలసినవాళ్లు, నీళ్లు మోయవలసినవాళ్లే వాళ్లందరూ. నిద్ర చెడుతుందని ఎవరూ లేచిపోలేదు. ఇప్పుడు ఆ ఊళ్లో అదే తోలు మీద అదే రంగులతో ఇళ్లలో పెట్టుకునే దీపాల గొట్టాలు చేస్తున్నారు. వాటి అందాన్ని నేను తక్కువ చేయడం లేదు, వాటి వల్ల కొన్ని కుటుంబాలు నిలబడుతున్నాయి, మా ఇంట్లోనూ ఒకటి ఉంది. సినిమా, టీవీ వచ్చి ఆట తగ్గిందన్నది నిజమే. అయితే ఒక రాత్రంతా ఒకే చోట కూర్చుని, దాన్ని దండగ అనుకోకుండా చూడగల మనుషులు తగ్గిపోవడం కూడా అందులో కొంత కారణమని నాకు అనిపిస్తుంది. ఆడేవాళ్లు ఉన్నా చూసేవాళ్లకు మనసులో చోటు లేకపోతే ఆట ఎక్కడ నిలుస్తుంది? అనంతపురం లలితకళా పరిషత్తులో పద్యనాటకం చూడడానికి వెళ్లినప్పుడు కూడా నా చుట్టూ సగం మంది ముఖాల మీద ఫోను వెలుగే కనిపించింది, వాళ్లలో నేనూ ఒకదాన్ని.

మా మండలంలోనే గూగూడు ఉంది. మొహర్రం నెలలో కుళ్లాయిస్వామి ఉత్సవాలకు హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని వెళ్లేవాళ్లం. మా అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏ పనీ లేకుండా, జనాన్ని చూస్తూ కూర్చున్న దృశ్యం నాకు అక్కడే తప్ప ఇంకెక్కడా గుర్తులేదు. అమ్మకు ఇప్పుడు 78 ఏళ్లు. ఇంట్లో టీవీ చూసేటప్పుడు కూడా చేతిలో చాట పెట్టుకుంటుంది, చెనక్కాయలు వలుస్తుంది, ఏమీ లేకపోతే పాత చీర అంచులు కుడుతుంది. ‘ఎందుకమ్మా, ఊరకే చూడరాదా’ అని అడిగితే, ‘చేతులు ఊరకే ఉంటే ఎట్లనో ఉంటాది మా’ అంటుంది.

ఆడవాళ్ల సంగతి వచ్చింది గనుక ఇక్కడ కొంచెం ఆగాలి. మగవాళ్లకు ఆదివారం వస్తుంది, మా వంటిళ్లకు మాత్రం ఆ రోజు పని రెట్టింపు అవుతుంది. పొద్దున ఉగ్గాని, బజ్జీలు, మధ్యాహ్నం సంగటి, కోడికూర, సాయంత్రం ఎవరైనా వస్తే వాళ్లకు ఏదో ఒకటి, ఈ మధ్యలో వారం రోజుల బట్టలు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లో జీతం లేని పనులు చేసే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతుండగా, మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న మూడు గంటలకు పైగా కాలంలోనే మా నవలలు, మా పాటలు, మా మధ్యాహ్నపు నిద్ర, మా స్నేహితురాళ్లు అన్నీ పోతున్నాయి. ఇంట్లో మగవాళ్లు ఆ సమయాన్ని పంచుకోకుండా ‘నువ్వు కూడా కాసేపు కూర్చో’ అని ఆప్యాయంగా అన్నందువల్ల ఉపయోగం లేదు. కూర్చున్న మనిషికి పొయ్యి మీద పాలు కనిపిస్తూనే ఉంటాయి. మా ఇంట్లో ఈ ఏడాది నుంచి ఆదివారం సాయంత్రం వంట మా ఆయన, మా అబ్బాయి చేస్తున్నారు. మొదటి మూడు వారాలు నేను గది లోపల పుస్తకం పట్టుకుని, చెవులు వంటింట్లో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగో వారం పుస్తకంలో పది పేజీలు చదివాను.

ఇంకొక విషయం రాయకపోతే ఈ ఉత్తరంలో నిజాయితీ ఉండదు. మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చే ఆమె పదకొండేళ్లుగా వస్తోంది. నా సెలవు గురించి ఇంత ఆలోచించే నేను, ఆమె రాని రోజుకు జీతంలో కోత పెడుతూ వచ్చాను. అందరూ అలాగే చేస్తారని చేశాను. లేపాక్షి నుంచి వచ్చిన వారంలో, ఇకమీదట ఆదివారాలు రానక్కరలేదని, జీతం తగ్గించనని ఆమెతో చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. ‘ఏమక్కా, నేనేమన్నా తప్పు చేసినానా?’ అని అడిగింది. సెలవు అంటే పని పోవడమేనని ఆమెకు ఇన్నేళ్ల బతుకు నేర్పింది, అందులో నా చెయ్యి కూడా ఉంది. కొందరి విశ్రాంతి మరికొందరి వెట్టి మీద నిలబడి ఉన్నప్పుడు మనసు గుచ్చుకోవడం న్యాయమే, ఆ గుచ్చుకోవడాన్ని మాత్రం పోగొట్టుకోకూడదని నా అభిప్రాయం. దానికి మందు మన విశ్రాంతి మానుకోవడంలో లేదు, వాళ్లకూ జీతంతో కూడిన సెలవు ఇవ్వడంలో ఉంది. హోటళ్లలో, బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే పిల్లల గురించి కూడా ఇదే మాట చెప్పాలి.

విశ్రాంతి ఎవరో దయతలచి ఇచ్చేది కాదని మన చరిత్ర చెబుతోంది. బొంబాయి బట్టల మిల్లుల కార్మికుల తరఫున నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టగానే చేసిన మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమల్లో పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేయడం గురించే. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితిని, వారానికి ఒక సెలవు రోజును నిర్దేశించింది. అదే ఏడాది డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 24వ అధికరణం విశ్రాంతిని, విరామాన్ని ప్రతి మనిషికీ ఉన్న హక్కుగా చెప్పింది. మన రాజ్యాంగం 43వ అధికరణం ఇంకొక అడుగు ముందుకు వేసింది. కార్మికులకు బతకడానికి చాలినంత వేతనంతో పాటు, విరామాన్ని పూర్తిగా అనుభవించగలిగే పరిస్థితులను, సాంఘిక, సాంస్కృతిక అవకాశాలను కల్పించడానికి ప్రభుత్వం పాటుపడాలని అందులో ఉంది. పూర్తిగా అనుభవించడం అన్న మాట మీద నా కళ్లు చాలాసేపు నిలిచిపోయాయి. దేశం పేదరికంలో ఉన్న రోజుల్లో, చేయవలసిన పని కొండలా ఉన్న రోజుల్లో, రాజ్యాంగం రాసిన పెద్దలు ఆ మాటను రాయడానికి సంకోచించలేదు.

అలాంటి దేశంలోనే 2023 అక్టోబరులో పేరున్న ఒక పారిశ్రామికవేత్త యువత వారానికి 70 గంటలు పనిచేయాలని సలహా ఇచ్చారు. 2025 జనవరిలో మరొక పెద్ద సంస్థ అధిపతి 90 గంటల గురించి, ఆదివారాలు కూడా పనిచేయించుకోలేకపోతున్నందుకు తనకున్న విచారం గురించి మాట్లాడారు. దానికి జవాబుగా చెప్పదగిన లెక్కలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే మెదడుపోటు ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే అధిక పనిగంటల కారణంగా 7,45,000 మంది ఈ రెండు జబ్బులతో చనిపోయారని ఆ సంస్థలు లెక్కగట్టాయి.

ఈ లెక్కలను గౌరవిస్తూనే, నా వాదనను వాటి మీద నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. బాగా విశ్రాంతి తీసుకుంటే ఇంకా బాగా పనిచేయగలమని, వారానికి ఒక రోజు నవ్వితే మిగతా ఆరు రోజులు ఉత్సాహంగా ఉంటామని మా కార్యాలయానికి వచ్చి ఉపన్యాసాలు ఇచ్చేవారు చెబుతుంటారు. అది నిజమే కావచ్చు. కానీ ఆ మాట ప్రకారం నా ఆదివారం కూడా నా సోమవారానికి కూలి చేస్తున్నట్టే అవుతుంది. చెల్లెళ్లతో లేపాక్షికి వెళ్లింది తిరిగొచ్చి లెక్కలు తప్పుల్లేకుండా రాయడానికి కాదు. వాళ్లు నా చెల్లెళ్లు గనుక, ముగ్గురం కలిసి నడిచి చాలా ఏళ్లయింది గనుక వెళ్లాను. మంగళవారం బాగా దున్నుతాయని మా నాయన సోమవారం ఎద్దులను వదిలిపెట్టలేదు, ఆ రోజు వాటిది గనుక వదిలిపెట్టారు. మన గుడి మండపాల బండల మీద అక్కడక్కడా పులిజూదం గళ్లు చెక్కి ఉంటాయి. ఎవరో, ఎప్పుడో, ఒక మధ్యాహ్నం నీడన కూర్చుని పులులను, మేకలను కదిపారు. ఆ ఆట వల్ల వాళ్లకు ఏమి లాభం వచ్చిందని అడగాలని నాకు ఎన్నడూ తోచలేదు.

పిల్లల విషయం తలుచుకుంటే బాధ ఎక్కువవుతుంది. మా పెద్ద చెల్లెలి కొడుకు ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఆదివారం పరీక్ష, సోమవారం మార్కులు. వేసవి సెలవుల్లో తరగతులు పెట్టరాదని ఇంటర్మీడియట్ బోర్డు ఏటేటా చెబుతున్నా, సెలవుల్లోనూ పాఠాలు నడిపే కళాశాలలు ఉన్నాయని తల్లిదండ్రులందరికీ తెలుసు, ఎక్కువమందిమి దానికి సంతోషిస్తున్నాం కూడా. వాడు సంక్రాంతికి మూడు రోజులు ఇంటికి వచ్చి, ఊళ్లో కోలాటం చూడడానికి భౌతికశాస్త్రం పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. తెరిచి చదవలేదు, ఆ వెలుతురులో చదవలేడు కూడా. అది పక్కన లేకపోతే వాడికి కోలాటం చూసే ధైర్యం లేదు. 17 ఏళ్ల వయసుకే నా రైలు ప్రయాణం వాడికి మొదలైపోయింది.

ఫోను విషయంలో చట్టం రావలసిన అవసరం ఉందని నమ్ముతున్నాను. పనివేళలు దాటాక ఉద్యోగి ఫోనుకు జవాబు ఇవ్వనక్కరలేని హక్కును ఫ్రాన్స్ దేశం 2017 నుంచి అమలు చేస్తోంది. మన లోక్‌సభలో 2018లో ఒక సభ్యురాలు ఇలాంటి ప్రైవేటు బిల్లును ప్రవేశపెట్టారు గానీ అది చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా ప్రతి కార్యాలయంలో పైవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. సెలవులో ఉన్నవారికి సందేశం పంపే ముందు, ఇది తిరిగొచ్చేదాకా ఆగదా అని ఒక్క క్షణం తమను తాము అడుగుకోవచ్చు. నేను పంపిన లెక్కలు బుధవారం దాకా ఆగాయి కదా.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. జిల్లా పేజీల్లో పదవీ విరమణ సన్మానాల వార్తలు తరచుగా చూస్తుంటాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదన్న మాటను వాటిలో పెద్ద ప్రశంసగా రాస్తుంటారు. ఆ ఉద్యోగుల నిబద్ధత పట్ల నాకు గౌరవమే ఉంది. కానీ ఆ వాక్యం చదివిన ప్రతిసారీ, సెలవు పెట్టినవాళ్లం ఏదో దొంగిలించినవాళ్లమన్న భావన మాలాంటివాళ్లలో ఇంకొంచెం గట్టిపడుతుంది. ఈసారి అలాంటి వార్త రాసేటప్పుడు మీ విలేకరులు ఆ పెద్దమనిషిని ఇంకొక ప్రశ్న కూడా అడగాలని కోరుతున్నాను. ఆ ముప్పై ఏళ్లలో ఏ ఉత్సవానికి వెళ్లారో, ఎవరితో కలిసి నవ్వారో, పిల్లలతో ఏ కొండ ఎక్కారో అడిగి, ఆయన చెప్పింది కూడా రెండు వాక్యాలు రాయండి.

నేను వచ్చే నెలలో మళ్లీ ఒక రోజు సెలవు కోరుతూ నిన్న చీటీ ఇచ్చాను. పోయినసారి సరిగా చూడని పైకప్పు చిత్రాలను చెల్లెళ్లతో కలిసి చూడాలి. కారణం అన్న చోట ‘చెల్లెళ్లతో ఒక రోజు సంతోషంగా గడపడానికి’ అని రాశాను. చీటీలు తీసుకునే అబ్బాయి చదివి, ‘మేడం, ఇట్ల రాస్తే ఇయ్యరు, సొంత పని అని మార్చియ్యండి’ అని తన పెన్ను నా చేతికి ఇచ్చాడు. నేను దాన్ని తిరిగి అతని చేతిలో పెట్టి, ఫోను నంబరు రాయవలసిన గడిని ఖాళీగానే ఉంచి వచ్చాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అనంతపురం.